అనంతపురం ఎగ్జిబిషన్‌లో 70 రూపాయల బ్లాక్ హోల్

మన ఎగ్జిబిషన్‌లో గాలి గుమ్మటంలో చూపించే బ్లాక్ హోల్ సినిమాకు రెండు స్టార్లు. (బ్లాక్ హోల్ అంటే చానా బరువు ఇరుకు జాగాలో నొక్కుకుపోయి, వెలుతురు కూడా తప్పించుకోలేనంత లాగుడు ఉండేది.) కరెంటు పోయి సినిమా ఆగినాక, ప్రొజెక్టర్ నడిపే పాప బయట నిలబడి చెప్పిన ఇరవై నిమిషాలకు ఐదు. రెండిటికీ వేరువేరుగా వేసే వీలు లేదు కాబట్టి నాలుగు పెట్టినా. ఎందుకు నాలుగో కింద రాస్తాండా. ఓపిక లేనోళ్లు ఒక్క మాట పట్టుకొని పోండి: పిల్లోళ్లను తీసుకుపోండి, కానీ బొమ్మ అయిపోతానే లేసి రావద్దు. ఆ పాపను ప్రశ్నలు అడగండి.

ముందు నా సంగతి. ముప్పై ఏండ్లుగా బోరు బండి మీదే బతుకు. మొదట రాడ్లు మోసినా, తర్వాత లీవర్లు పట్టినా, ఇప్పుడు పేరుకు నాదే ఒక బండి ఉంది, సగం ఫైనాన్సోళ్లది. భూమికి బొక్క పెట్టేది తప్ప ఇంకో పని రాదు. అట్లాంటోడికి ‘బ్లాక్ హోల్ వస్తోంది! భూమి ఏమవుతుంది?’ అని ఎర్ర లైట్ల బోర్డు కనబడితే కాలు ఆగదా? మనవడు చెయ్యి పట్టి లాగినాడని ఇంట్లో చెప్పినా గానీ, లాగింది నేనే. వాడు ఏడో తరగతి. వాడి మనసంతా జెయింట్ వీల్ మీద ఉండె.

మైదానం టవర్ క్లాక్ నుంచి నడిచిపోయేంత దూరమే. గేటు దాటినాక బెడ్‌షీట్లు, ప్లాస్టిక్ డబ్బాలు, ఢిల్లీ అప్పడం, మిరపకాయ బజ్జీలు అన్నీ దాటుకొని చివరాఖరుకు పోవాల. ఆ కొసన మృత్యుబావి ఉంది, చెక్కల బావిలో బైకు గోడెక్కి తిరిగేది. దాన్ని ఆనుకొని పెద్ద రాగి ముద్ద బోర్లించినట్టు నల్లగా ఉబ్బిన గుమ్మటం. గాలి కొడితే నిలబడే తారామండలం అన్నమాట. పెద్దోళ్లకు 70, పిల్లోళ్లకు 50.

లోపలికి పోను వాకిలి లేదు, జిప్పు ఉంది. వంగి, దాదాపు పాక్కుంటా పోవాల. చీరలు కట్టుకున్నోళ్లకు, మోకాళ్ల నొప్పులోళ్లకు కష్టమే. నా ముందర పోతాండిన ఒక పెద్దమ్మ ‘దేవుని గుళ్లో కూడా ఇంత వంగలేదు నాయనా’ అని నవ్వింది. చెప్పులు బయటే వదలాల. కింద కార్పెట్టు, మీద రబ్బరు వాసన. ముప్పై మంది పట్టే చోట నలభై మందిని కుక్కినారు. బ్లోయర్ పక్కన కూర్చుంటే గాలి తగుల్తాది గానీ మాటలు వినపడవు. దూరంగా కూర్చుంటే మాటలు వినపడతాయి గానీ ఉడికిపోతాం. నేను మధ్యలో కూర్చొని రెండు బాధలూ పడినా.

బొమ్మ 17 నిమిషాలు. మొదటి నాలుగు నిమిషాలు నిజంగానే బాగుంది. లైట్లు ఆర్పేసి, మన ఊరి మీద ఆకాశం వీధి దీపాలు లేకపోతే ఎట్లుంటాదో చూపించినారు. పాలపుంత అడ్డంగా పరుచుకొని ఉంది. రాత్రిపూట పొలాల్లో బండి నిలబెట్టి, కంప్రెసర్ ఆపినాక నేను అట్లాంటి ఆకాశం చానా సార్లు చూసినా. మనవడు చూడలేదు. ‘తాతా, ఇవన్నీ నిజంగా ఉండాయా?’ అన్నాడు. ఆ ఒక్క మాటకే నా 120 రూపాయలు తిరిగొచ్చేసినాయి.

తర్వాత రెండు ఫోటోలు వేసినారు. మొదటిది 2019 ఏప్రిల్‌లో లోకానికంతా చూపించిన ఫోటో, ఎం87 అనే పెద్ద గెలాక్సీ, అంటే నక్షత్రాల గుంపు, నడిమధ్యలో ఉన్న బ్లాక్ హోల్‌ది. ఎర్రగా కాలిన గారె మాదిరి ఉంటాది. మన నుంచి 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరం (వెలుతురు ఒక ఏడాదిలో పోయేంత దూరం ఒక కాంతి సంవత్సరం), బరువు 650 కోట్ల సూర్యులంత. రెండోది 2022 మే నెలలో వచ్చిన మన పాలపుంత నడిబొడ్డుది, అది 40 లక్షల సూర్యుల బరువు. దూరం 26 వేల కాంతి సంవత్సరాల పైనే. ఇంతవరకు వంక పెట్టను.

ఆ తర్వాతే మొదలైంది గోల. పౌరాణిక నాటకంలో యముడి వేషం కట్టేటాయన గొంతు మాదిరి ఒక గొంతు ‘భూమి వైపు దూసుకొస్తోంది మృత్యువు!’ అనె. గరాటు మాదిరి నల్లటి సుడి ఒకటి తిరుక్కుంటా వచ్చె. ముందు చంద్రుణ్ని పీల్చింది, తర్వాత మేఘాలను, తర్వాత యాడివో అద్దాల బిల్డింగులను, కడాకు సముద్రాన్ని. అంతా ఒక్క రాత్రిలో. పక్కన గుర్రుమని ఒకటే మోత. ఆ మోత సినిమాదా, బయట మృత్యుబావి బైకుదా నాకు తెలీలేదు. సినిమాదే అయితే అదీ తప్పే. గాలి లేని చోట మోత యాడిది?

నా అసలు కంప్లయింటు మోత మీద కాదు, ఆ మింగే పని మీద. నేను ఒక పొలంలో ఆరున్నర అంగుళాల బోరు వేస్తే, ఆ పొలమంతా జారి దాంట్లో పడుతుందా? పడదు. కానీ పక్కోడి బోరు ఏమైతాదో అనంతపురంలో చిన్నపిల్లోడు కూడా చెప్తాడు. నువ్వు 800 అడుగులు దింపి మోటారు వేస్తివంటే, పక్క చేన్లో 300 అడుగుల బోరు మెల్లగా సన్నగిల్లి, ఒకనాడు గాలి కొట్టేస్తాది. నీ బోరు వాని బోరును మింగలేదు, ముట్టుకోలేదు. దూరంగానే ఉండి లాగింది, అంతే. ఇదే మాట నేను ఆ చీకట్లో మనవని చెవిలో చెప్తాంటే ముందరోళ్లు ‘ఉష్’ అన్నారు.

సరిగ్గా సముద్రం లేస్తాండంగా కరెంటు పోయింది.

చీకటి పడింది, బ్లోయర్ ఆగింది. అంతవరకు ఆ బ్లోయర్ చప్పుడు ఎంత ఉందో అది ఆగినాకే తెలిసొచ్చింది. గుమ్మటం నెత్తి మీదికి దిగను మొదలుపెట్టె. ఒక్కసారిగా కూలదు, భయపడొద్దు. మంచం మీద ఆరేసిన దుప్పటి జారినట్టు మెల్లగా వస్తాది. అయినా పిల్లోళ్లు ఏడుపులు. ‘బ్లాక్ హోల్ వచ్చేసింది’ అని ఎవడో ఎగతాళి చేసినాడు, వానికి వాళ్లమ్మ ఒకటి అంటించింది. అప్పుడు ప్రొజెక్టర్ దగ్గర కూర్చొనుండిన పాప సెల్లు లైటు వేసి, జిప్పు తీసి, ‘ముందు పిల్లలు, తర్వాత పెద్దోళ్లు, తోసుకోవద్దండి’ అని చానా నిదానంగా అందర్నీ బయటికి దాటించింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇరవై నాలుగేండ్లు ఉంటాయేమో. యాస వింటే ప్రొద్దుటూరు వైపు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఉద్యోగం పరీక్షలకు చదువుకుంటా ఈ పని చేస్తాందంట.

జెనరేటర్ ఉంది, డీజిల్ లేదు. తెచ్చేదానికి ఒక పిల్లోడు పోయినాడు. జనం డబ్బులు వాపసియ్యమని కౌంటర్ దగ్గర అరుస్తాండారు. ఆ పాప మాత్రం గుమ్మటం పక్కన ఇసుకలో నిలబడి, ‘ఎవరన్నా ఒక తువ్వాలు ఇస్తారా?’ అనింది. భుజం మీద ఉన్నది నాదే, ఇచ్చేసినా. బఠాణీల బండాయన దగ్గర కిలో తూకం రాయి, గుప్పెడు బఠాణీలు తీసుకుంది. అనంతపురంలో నిలబడి శెనక్కాయ వాడకపోవడం తప్పే గానీ, శెనక్కాయ దొర్లదు కదా.

తువ్వాలు నాలుగు కొసలు నలుగురు పట్టినారు, ఒక కొస నాది. నడుమ కిలో రాయి పెడితే గుడ్డ గుంటగా దిగింది. ‘ఇది సూర్యుడు’ అనింది. గుంట అంచున ఒక బఠాణీని పక్కకు విసిరితే అది చుట్టూ తిరిగింది. ‘ఇది మనం. ఎందుకు పడిపోలేదు? పక్కన మృత్యుబావిలో బైకు అన్న ఎందుకు పడిపోడో అందుకే. వేగం ఉన్నంత సేపు తిరుగుతానే ఉంటాడు.’ బావిలో నుంచి బైకు మోత అప్పుడే గట్టిగా వచ్చింది, వాళ్లకు సొంత జెనరేటర్ ఉంది మరి. అందరూ అటు చూసి నవ్వినారు.

తర్వాత ఆమె పిడికిలి బిగించి, ‘ఇది బ్లాక్ హోల్’ అని గుడ్డ మీద ఒక అంచున నొక్కింది. ఇంకో బఠాణీని తిప్పి, పిడికిలిని అట్లే నొక్కుకుంటా తువ్వాలు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిపింది. గుండ్రంగా తిరుగుతాండిన బఠాణీ కోడిగుడ్డు మాదిరి పొడుగ్గా తిరగను మొదలుపెట్టె. రెండోసారి చేస్తే బఠాణీ తువ్వాలు దాటి ఎగిరి ఇసుకలో పడింది. మూడోసారి పోయి కిలో రాయికి తగిలింది. ‘మూడూ జరగొచ్చు. అది ఎంత దగ్గర నుంచి పోయింది, ఎంత వేగంగా పోయింది, ఏ పక్క నుంచి వచ్చింది అన్నదాన్ని బట్టి. కానీ చూడండి, నా పిడికిలి కిందకి ఒక్క బఠాణీ కూడా రాలేదు.’

నేను చీకట్లో గొణిగింది ఇదే కదా! మనవడు నా మొహం చూసినాడు. ఆ చూపు కోసం ఇంకో 70 ఇస్తా.

లోపల చెప్పని లెక్కలన్నీ ఆ తువ్వాలు దగ్గర చెప్పింది. నాకు గుర్తున్నంత మటుకు రాస్తాండా. సూర్యుణ్ని నొక్కి నొక్కి బ్లాక్ హోల్ చేస్తే ఆరు కిలోమీటర్ల వెడల్పుకు వస్తాడంట, మన టౌను ఈ కొస నుంచి ఆ కొసకు ఉన్నంత. సూర్యుని జాగాలో అదే బరువు బ్లాక్ హోల్ పెడితే భూమి దాంట్లో పడదు, ఇప్పుడు తిరిగినట్టే 365 రోజులకు ఒక చుట్టు తిరుగుతానే ఉంటాది. వెలుతురు ఉండదు, గడ్డకట్టి చస్తాం, అది వేరే సంగతి. బ్లాక్ హోల్‌కు దూరంలో ప్రత్యేకమైన లాగుడు ఏమీ లేదు, బరువెంతో లాగుడూ అంతే. అదే పది సూర్యుల బరువున్నదైతే 60 కిలోమీటర్ల వెడల్పు. అంటే అనంతపురం నుంచి గుత్తి దాటి ఇంకొంచెం. అంత చిన్న జాగాలో పది సూర్యులు.

‘మరి భూమిని నొక్కితే?’ అని మనవడు అడిగినాడు. గోలీ అంతంట. అడ్డంగా 18 మిల్లీమీటర్లు. నా జేబులో ఒక వస్తువు ఎప్పుడూ ఉంటాది. బోరు బిట్టు మూతికి బటన్లు ఉంటాయి, టంగ్‌స్టన్ కార్బైడ్‌వి, గ్రానైట్‌ను పిండి చేసేవి అవే. ఒక చేన్లో 1,040 అడుగుల దగ్గర నీళ్లు పడినప్పుడు ఆ బిట్టు నుంచి ఊడిన బటన్‌ను దాచుకున్నా. ఇనుముకు రెండింతల బరువు, చూస్తే చింతపిక్కకన్నా కొంచెం లావు, తల నున్నగా అరిగి మెరుస్తాంటాది. తీసి ఆమె చేతిలో పెట్టినా. అటూ ఇటూ తిప్పి చూసి, ‘భూమి దీనికన్నా రవ్వంత లావు ఉంటుంది సార్, అంతే తేడా’ అనింది. కొండలు, సముద్రాలు, నేను ముప్పై ఏండ్లుగా పొడిచిన బోర్లు, మా ఇంటి మీద ఉన్న అప్పు, అన్నీ కలిపి ఆ బటనంత.

సరే, ఎంత దగ్గరికొస్తే భూమి తునకలైతాది? పది సూర్యుల బరువుదైతే సుమారు 20 లక్షల కిలోమీటర్ల దాకా రావాలంట, చంద్రుని దూరానికి ఐదారింతలు. సినిమాలో చూపించిన ఆ చీల్చుడంతా ఆ హద్దు లోపలి కథ. ఆకాశంలో 20 లక్షల కిలోమీటర్లంటే నూలుపోగంత సందు, దాంట్లోకి గురి చూసి కొట్టినట్టు రావాల. కానీ సూర్యునంత దూరం నుంచి, అంటే 15 కోట్ల కిలోమీటర్ల నుంచి పోయినా సరే, మన దారి చెడిపోతాది. అప్పుడు అది మనల్ని లాగేది సూర్యుడు లాగేదానికి పదింతలు. తునకలయ్యే ముందే, ఎంతో ముందే, దారి తప్పుతాం.

దారి తప్పితే ఏమైతాది అన్నది ఆ సినిమాలో లేదు, అదే నా బాధ. అనంతపురం వాళ్లకు ఇది విడమరిచి చెప్పే పని లేదు. ఏడాదికి మన జిల్లాకు పడేదే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. జూన్, జులైలో రెండు వారాలు వాన ఎనక్కు పోతే శెనక్కాయ విత్తనం సంచుల్లోనే ఉండిపోతాది. ఆ వాన రావాలంటే ఎండాకాలంలో నేల కాగాల, సముద్రం మీద నుంచి గాలి మళ్లాల. ఇప్పుడు భూమి జనవరిలో సూర్యునికి 14.7 కోట్ల కిలోమీటర్లు, జులైలో 15.2 కోట్లు. దాదాపు గుండ్రం కాబట్టి ఆ తేడా మనకు తెలీదు, కాలాలన్నీ భూమి వంపును బట్టి నడుస్తాయి. అదే ఆ బఠాణీ మాదిరి గుడ్డు దారిలో పడితే? ఒక కొసన శుక్రుని దగ్గరకు, అంటే 10.8 కోట్ల కిలోమీటర్లకు, ఇంకో కొసన అంగారకుని దారికి, 22.8 కోట్లకు. ఆ దూరానికి సూర్యుని వేడి సగం కూడా అందదు. అప్పుడు ఏ కార్తెలో విత్తాల? మృగశిర ఎప్పుడొస్తాదో ఎవరు చెప్పాల? పంచాంగాలన్నీ పొయ్యిలో పెట్టుకోవాల్సిందే. ఒక బిల్డింగు కూలదు, ఒక్క మేఘాన్ని ఎవరూ పీల్చరు, సముద్రం ఉన్న చోటే ఉంటాది. రెండేండ్లలో తిండి లేకుండా పోతాం. ఇది చూపించాల సినిమాలో. భయం కావాలంటే ఇంతకన్నా భయం ఇంకేముంది?

ఎగిరి ఇసుకలో పడిన బఠాణీ సంగతి ఇంకా ఘోరం. సూర్యుడు చిన్నగా అయిపోయి, చుక్కల్లో ఒక చుక్క అయిపోతాడు. మీదంతా మంచు. కోలారు బంగారు గనులు మూడు కిలోమీటర్ల పైన లోతు పోయినాయి కదా, అడుగున రాయి చెయ్యి పెట్టలేనంత వేడి ఉండేదని అక్కడ పని చేసినోళ్లు చెప్తాంటారు. అట్లాంటి లోతుల్లో బతకాల్నేమో మరి. మా బోరు బండ్లకు గిరాకీ వస్తాదని నేను అంటే ఆ పాప పడీ పడీ నవ్వింది.

నేను ఒక ప్రశ్న అడిగినా, ‘బోర్లలో నీళ్లు ఏమైతాయమ్మా?’ అని. ఆమె సినిమా ప్రశ్నలకు అలవాటు పడిందేమో, ఒక నిమిషం ఆలోచించింది. తర్వాత చెప్పింది నాకే కొత్త. చంద్రుడు లాగితే సముద్రం ఒక్కటే కాదంట, మన కాళ్ల కింద గట్టి నేల కూడా రోజుకు రెండుసార్లు అడుగు దాకా లేచి దిగుతాదంట. ఊరంతా కలిసి లేస్తాది కాబట్టి మనకు తెలీదు. కొన్ని లోతు బావుల్లో మట్టం కొలిచే మిషన్లు పెడితే, అదే లెక్కకు నీళ్లు సెంటీమీటర్లలో ఎక్కి దిగుతాయంట. పది సూర్యుల బ్లాక్ హోల్ సూర్యునంత దూరంలో ఉంటే ఆ లాగుడు చంద్రుని లాగుడుకు నాలుగైదింతలు. రేవుల్లో ఉన్నోళ్లు చూసుకోవాల. మనకు సముద్రమూ లేదు, ఉన్న చెరువులో నీళ్లూ లేవు. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటి తొలుస్తాంది. పొద్దున నిండుగా పోసి మధ్యాహ్నానికి సన్నగిల్లే బోర్లు నేను కొన్ని చూసినా, మోటారును తిట్టుకుంటిమి. అది చంద్రుని పని అనను, ఎక్కువ సార్లు మోటారుదే తప్పు. అయినా ఈసారి టేపు వేసి కొలుస్తా.

మనవడు అడిగిన ప్రశ్న నాదానికన్నా మేలైంది. ‘అక్కా, అది నల్లగా ఉంటాది కదా, వస్తాంటే మనకెట్ల తెలుస్తాది?’ దానికామె చెప్పిన జవాబు: 1846లో నెప్ట్యూన్‌ను కూడా ముందు కన్నుతో పట్టలేదు. యురేనస్ నడకలో తేడా చూసి, ‘ఎవరో లాగుతాండారు’ అని లెక్క కట్టి, ఆ లెక్క చెప్పిన చోట దుర్భిణి పెడితే దొరికింది. బ్లాక్ హోల్ వస్తే కూడా ముందు బయటి గ్రహాల నడక తప్పుతాది, అది మొత్తుకొని చెప్పినట్టే. పైగా దాని వెనక ఉన్న నక్షత్రాల వెలుతురు వంగి, అవి ఉన్న చోటు కదిలినట్టు కనిపిస్తాయి. ఒంటరిగా తిరిగే బ్లాక్ హోల్‌ను మొదటిసారి అట్లే పట్టినారు, 2022లో చెప్పినారు. హబుల్ టెలిస్కోప్‌తో ఏండ్ల తరబడి ఒకే నక్షత్రాన్ని చూసి, దాని వెలుతురు పెరిగి, చోటు రవ్వంత జరగడం పట్టినారు. అది ఏడు సూర్యుల బరువు, 5 వేల కాంతి సంవత్సరాల దూరం, సెకనుకు 45 కిలోమీటర్ల నడక.

ఆ 45ను పట్టుకొని నేను ఇంటికొచ్చి మనవనితో లెక్క కట్టించినా. సూర్యుని నుంచి భూమికి ఉన్న దూరం దాటేదానికి 38 రోజులు పడతాది. నెప్ట్యూన్ అట్లాంటి దూరాలకు ముప్పై ఇంతల్లో ఉంది. అంటే అక్కడి నుంచి మన దాకా సుమారు మూడేండ్లు, దగ్గరికొచ్చే కొద్దీ వేగం పెరిగితే ఇంకొంచెం తక్కువ. ఒక్క రాత్రిలో వచ్చి మింగి పొయ్యేదంతా ఉత్త కథ. మనకు తెలిసిన వాటిల్లో అన్నిటికన్నా దగ్గరున్న బ్లాక్ హోల్‌ను 2022లోనే కనుక్కున్నారు, 1,560 కాంతి సంవత్సరాల దూరం. అది ఆ నడకతో నేరుగా మన మీదికే బయలుదేరినా కోటి ఏండ్లు. మనవడు సున్నాలు రెండుసార్లు లెక్కపెట్టి, ‘తాతా, నీ ఫైనాన్సు అప్పు అంతలోపల తీరిపోతాది’ అన్నాడు. వాళ్లమ్మ పోలిక.

ఇంకొక మాట నాకు చానా నచ్చింది. పోతా పోతా మన పక్క నుంచి పోయినోళ్లు ఇంతకు ముందే ఉన్నారంట. బ్లాక్ హోల్ కాదు గానీ, షోల్జ్ నక్షత్రం అని చిన్నది, 70 వేల ఏండ్ల కిందట ఒక కాంతి సంవత్సరం కూడా లేని దూరంలో దాటిపోయింది. అప్పటికే మనుషులు ఉన్నారు, ఏమీ కాలేదు. అంత దూరంలో సూర్యుని చుట్టూ తోకచుక్కల గుంపు ఉంది, దాన్ని కదిలిస్తే అవి లోపలికి జారడానికి లక్షల ఏండ్లు పడతాది. 13 లక్షల ఏండ్ల తర్వాత ఇంకొక నక్షత్రం, గ్లీసే 710, దానికన్నా దగ్గరగా వస్తాదంట. ఆ ఎగ్జిబిషన్‌కు నేను రాలేను.

ఇదంతా వింటాంటే నాకు మా అవ్వ గుర్తుకొచ్చింది. 1979 జులైలో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని ఊర్లన్నీ గగ్గోలు పెట్టినప్పుడు నాకు పదకొండేండ్లు. ‘ఎట్లా పోయేదే కదరా’ అని అవ్వ గుడ్లు పెట్టే కోడితో సహా నాలుగు కోళ్లు కోసింది. మూడు రోజులు సంగటి, కోడికూర. స్కైలాబ్ పోయి ఆస్ట్రేలియా వైపు పడింది. నాలుగో రోజు నుంచి అవ్వ ఆ పెట్టను తలుచుకొని ఏడ్చేది. ఈ సినిమా తీసినోళ్లకు, చూపించేవాళ్లకు ఆ పెట్ట సంగతి తెలియాల.

షో నడిపేటాయనకు ఇదే చెప్పినా, ‘అన్నా, ఆ పాప చెప్పింది సినిమాలో పెట్టండి, మింగేది తీసెయ్యండి’ అని. ఆయన ‘జనం భయపడితేనే టికెట్టు తెగేది అన్నా’ అన్నాడు. అబద్ధం చెప్పలేదు, ఆ మటుకు మెచ్చుకోవాల. డబ్బులు వాపసియ్యలేదు గానీ, జెనరేటర్ వచ్చినాక మళ్లీ లోపలికి పంపించినాడు. సగం మంది పోయినారు. మేము పోలేదు.

ఇంకొక లోటు రాసి ముగిస్తా. మన పక్కనే ఉన్న వాళ్ల పేర్లు ఆ సినిమాలో ఒక్కటీ లేవు. బెంగళూరు తారామండలాన్ని మొదలుపెట్టిన డైరెక్టర్ విశ్వేశ్వర గారు, దెబ్బ తగిలిన బ్లాక్ హోల్ గంట మాదిరి మోగి సద్దుమణుగుతాదని 1970లోనే లెక్క కట్టి చూపించినాడంట. 2015లో రెండు బ్లాక్ హోల్స్ ఢీకొన్న కదలిక అమెరికాలో మిషన్లకు తగిలినప్పుడు, చివర్లో ఉన్నది ఆ మోగుడే. ఇది కూడా ఆ పాపే చెప్పింది. కేసింగు పైపు మీద రాడ్డుతో కొట్టి, మోతను బట్టి కింద ఏముందో చెప్పేవాడికి ఈ మాట ఎట్లుంటాదో మీరే ఊహించుకోండి. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి బ్లాక్ హోల్స్ ఎక్స్-రేలను చూసే ఉపగ్రహం ఎగిరింది, దాని ఫోటో గోడకన్నా తగిలించలేదు. అద్దాల బిల్డింగులు పడగొట్టేదానికి మాత్రం ఖర్చు పెట్టినారు.

పోవాలనుకునే వాళ్లకు: ఆదివారం దాకా ఉంటారంట. ఏడున్నర షోకు పోండి, ఆరు గంటల షోలో గుడారం ఇంకా ఎండకు కాగి ఉంటాది. మధ్యలో కూర్చోవద్దు. భుజాన తువ్వాలు ఉంటే మంచిది. ఆ బటన్‌ను పాప ‘రేపటి షోలకు పెట్టుకుంటాను సార్, ఇస్తారా?’ అని అడిగింది, కాదనలేకపోయినా. మీరు పోయినప్పుడు అడిగి చూడండి, తల కొంచెం అరిగి ఉంటాది, ఒక పక్క చిన్న పెచ్చు లేచింది.